చేతిలో డిపాజిట్, నెత్తిన అప్పు: రెండు వడ్డీల మధ్య తేడాను చూసి ఏది ఎంచుకోవాలి?

మన ఊళ్లలో అప్పు మాట వచ్చినప్పుడు సంవత్సరానికి ఎంత శాతమని ఎవరూ అడగరు, నూటికి నెలకు ఎన్ని రూపాయలని అడుగుతారు. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతమనీ, రెండు రూపాయల వడ్డీ అంటే 24 శాతమనీ బడికి వెళ్లనివారికి కూడా తెలుసు. అదే మనిషి బ్యాంకు గుమ్మం ఎక్కగానే శాతాల భాషలోకి మారిపోతాడు. డిపాజిట్ కాగితం మీద ఒక అంకె, అప్పు కాగితం మీద మరో అంకె కనిపిస్తాయి గాని, ఆ రెండింటినీ ఒకే త్రాసులో పెట్టి తూచే అలవాటు అక్కడితో ఆగిపోతుంది. ఆ పాత కొలతనే బ్యాంకుకు కూడా పెట్టి చూస్తే చాలా విషయాలు తేటపడతాయి.

స్టేట్ బ్యాంకు 2025 జూన్ నుంచి పొదుపు ఖాతాపై ఇస్తున్న 2.5 శాతం వడ్డీ మన లెక్కలో నూటికి నెలకు 21 పైసలు. ఆరున్నర శాతం ఫిక్స్‌డ్ డిపాజిట్ 54 పైసల వడ్డీ, ఎనిమిది శాతం గృహరుణం 67 పైసల వడ్డీ, 12 శాతం వ్యక్తిగత రుణం నిండు రూపాయి వడ్డీ అవుతాయి. క్రెడిట్ కార్డు బాకీని పూర్తిగా కట్టకుండా మిగిల్చుకుంటే చాలా బ్యాంకులు నెలకు మూడున్నర శాతం దాకా వేస్తాయి, అంటే మూడున్నర రూపాయల వడ్డీ. 21 పైసల ఖాతాలో లక్ష రూపాయలు ఉంచుకుని, మూడున్నర రూపాయల బాకీని నెలనెలా మోస్తున్న ఉద్యోగులు నిజంగానే ఉన్నారు. వారికి ఇక్కడే చెప్పగలిగిన సలహా ఒక్కటే. మిగతాది చదివే ముందే ఆ బాకీని ఖాతాలోని డబ్బుతో తీర్చివేయాలి.

పైన చెప్పిన డిపాజిట్, గృహరుణ రేట్లు ఉదాహరణ కోసం తీసుకున్నవి. బ్యాంకును బట్టి, రోజును బట్టి అవి మారుతుంటాయి కాబట్టి, మీ కాగితాల మీద ఉన్న అంకెలను ఆ స్థానంలో పెట్టుకుని లెక్క చూసుకోవాలి.

ఈ తేడా ఎక్కడికి పోతుంది?

మనం జమ చేసిన ప్రతి వంద రూపాయలనూ బ్యాంకు పూర్తిగా అప్పుగా ఇవ్వజాలదు. 2025 చివరి నాటి నిబంధనల ప్రకారం అందులో మూడు రూపాయలను నగదు నిల్వగా రిజర్వు బ్యాంకు దగ్గర ఉంచాలి, దానికి వడ్డీ రాదు. మరో 18 రూపాయలకు సమానమైన మొత్తాన్ని ప్రధానంగా ప్రభుత్వ బాండ్లలో పెట్టాలి. మిగిలిన దాని మీద వచ్చే ఆదాయంలోంచే సిబ్బంది జీతాలు, శాఖల ఖర్చులు, డిపాజిట్ బీమా ప్రీమియం, మొండి బాకీల నష్టం, వాటాదారుల లాభం అన్నీ రావాలి. అందువల్ల తేడా ఉండటమే అన్యాయమని నేను అనను. కానీ పొదుపు ఖాతా విషయంలో బ్యాంకులు ఖాతాదారుల అలసత్వం మీద ఆధారపడుతున్నాయని మాత్రం గట్టిగా అనిపిస్తుంది. 2011 అక్టోబరు 25న రిజర్వు బ్యాంకు పొదుపు ఖాతా వడ్డీపై నియంత్రణ తొలగించినప్పుడు ఆ రేటు నాలుగు శాతం. పోటీ పెరిగి వడ్డీ పెరుగుతుందని ఆనాడు ఆశించారు. కొన్ని చిన్న బ్యాంకులు పెంచిన మాట నిజమే అయినా, స్టేట్ బ్యాంకు 2017లో దాన్ని మూడున్నరకు, 2020లో 2.7కు, ఇప్పుడు 2.5కు తగ్గించింది. జీతం పడే ఖాతా నుంచి డబ్బు కదిలించేవారు తక్కువ కాబట్టే ఇది సాధ్యమైంది.

ఒక మేలు మార్పు కూడా చెప్పుకోవాలి. 2010 ఏప్రిల్ 1 నుంచి పొదుపు ఖాతా వడ్డీని రోజువారీ నిల్వపై లెక్కిస్తున్నారు. అంతకుముందు ప్రతి నెలా పదో తేదీ నుంచి నెలాఖరు వరకు ఉన్న కనిష్ఠ నిల్వకే వడ్డీ కట్టేవారు. పెద్దవాళ్లు పదో తేదీ లోపల బ్యాంకుకు పరుగెత్తడం వెనక ఉన్న కారణం అదే.

అసలు పోలిక: డిపాజిట్ ఉంచాలా, అప్పు తగ్గించాలా?

ఒక కుటుంబానికి ఎనిమిది శాతం మీద 25 లక్షల గృహరుణం ఉందనుకుందాం. అదే సమయంలో ఆరున్నర శాతం మీద ఐదు లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ కూడా ఉంది. పైకి చూస్తే తేడా ఒకటిన్నర శాతమే. డిపాజిట్‌పై ఏడాదికి 32,500 రూపాయలు వస్తాయి, అప్పులో ఆ ఐదు లక్షల భాగానికి 40,000 కడతారు. సంవత్సరానికి 7,500 రూపాయలు పోయినా, చేతిలో డబ్బు ఉందన్న ధైర్యానికి అది పెద్ద ధరేమీ కాదనిపిస్తుంది.

అయితే డిపాజిట్ వడ్డీ పన్ను పడే ఆదాయం. 30 శాతం శ్లాబులో ఉన్నవారికి సెస్సుతో కలిపి 31.2 శాతం పన్ను పోతే, 32,500లో చేతికి మిగిలేది 22,360 రూపాయలే. అంటే వారికి అసలు రేటు ఆరున్నర కాదు, నాలుగున్నర కన్నా కాస్త తక్కువ. అప్పుడు నష్టం ఏడాదికి 17,640 రూపాయలు, నెలకు దాదాపు 1,470. కొత్త పన్ను విధానంలో సొంతంగా నివసించే ఇంటి రుణవడ్డీకి మినహాయింపు లేదు కాబట్టి అవతలి 40,000లో ఏమీ తగ్గదు. పాత విధానంలో ఉండి, ఏడాదికి రెండు లక్షల వరకు ఉన్న ఆ మినహాయింపును వాడుకునేవారి లెక్క వేరు. వారి వడ్డీ మొత్తం ఆ పరిమితిలోనే ఉంటే ఎనిమిది శాతం అప్పు పన్ను పోను ఐదున్నర శాతంగా పడుతుంది. అప్పటికీ అది డిపాజిట్ రాబడి కన్నా ఎక్కువే, కాకపోతే తేడా ఒక్క శాతానికి దిగుతుంది. రుణం తొలి సంవత్సరాల్లో వడ్డీ రెండు లక్షల పరిమితికి పైన ఉంటే, పైన ఉన్న ఆ భాగానికి పన్ను లాభం ఉండదు కాబట్టి ముందుగా తీర్చాల్సింది ఆ భాగాన్నే.

పన్ను పరిధిలోకి రాని గృహిణి లేదా వృద్ధ తల్లిదండ్రుల పేరిట డిపాజిట్ ఉన్నప్పుడు ఒకటిన్నర శాతం తేడాయే లెక్కకు వస్తుంది. సీనియర్ సిటిజన్లకు సాధారణంగా అర శాతం అదనపు వడ్డీ ఇస్తారు కాబట్టి అది ఒక శాతానికే పరిమితం కావచ్చు. అలాంటి డబ్బును కదిలించి కొడుకు ఇంటి అప్పులో వేయమని నేను సలహా ఇవ్వను. పెద్దవాళ్ల చేతిలో వారి డబ్బు వారికి ఉండటం ఆ ఒక్క శాతం కన్నా విలువైనది.

ముందస్తుగా కట్టాలని నిర్ణయించుకుంటే, కట్టిన తరువాత నెలసరి వాయిదా తగ్గించుకోవాలా, గడువు తగ్గించుకోవాలా అన్న ప్రశ్న వస్తుంది. 25 లక్షలకు 20 ఏళ్ల గడువుతో వాయిదా సుమారు 20,911 రూపాయలు. ఆరంభంలోనే ఐదు లక్షలు కట్టి వాయిదాను అలాగే ఉంచితే అప్పు 153 నెలల్లో, అంటే 12 ఏళ్ల 9 నెలల్లో తీరిపోతుంది. గడువును 20 ఏళ్లుగానే ఉంచితే వాయిదా 16,729కి తగ్గుతుంది. మొదటి దారిలో మొత్తం వడ్డీ 13 లక్షలకు పైగా మిగులుతుందని చాలామంది చెబుతారు. లెక్క తప్పు కాదు గాని, దాన్ని అలా ఒంటరిగా చూపించడం సరికాదు. ఎందుకంటే అదే ఐదు లక్షలు డిపాజిట్‌లో ఉన్నా అన్ని సంవత్సరాల్లో వడ్డీ మీద వడ్డీ చేరి పెరుగుతాయి. పోల్చవలసింది రేటుతో రేటును, పన్ను పోను మిగిలే రేటుతో చెల్లించే రేటును. 13 లక్షల అంకెను చూసి ఇంట్లో ఉన్న చివరి రూపాయిని కూడా అప్పులో పోయడం పొరపాటవుతుంది. ఉద్యోగం స్థిరంగా ఉన్నవారికి గడువు తగ్గించుకోవడం మేలు. వ్యాపారుల వంటి, ఆదాయంలో ఒడుదొడుకులున్నవారికి వాయిదా తగ్గించుకుని, మిగిలినప్పుడల్లా అదనంగా కట్టడం క్షేమం.

వ్యక్తులు వ్యాపారేతర అవసరాలకు తీసుకున్న చలన వడ్డీ రుణాలపై, అంటే మధ్యలో రేటు మారుతుండే రుణాలపై, బ్యాంకులు ముందస్తు చెల్లింపు రుసుము వసూలు చేయకూడదు. గృహరుణాలకు 2012లోనూ, వ్యక్తుల ఇతర చలన వడ్డీ టర్మ్ రుణాలకు 2014లోనూ రిజర్వు బ్యాంకు ఈ మేరకు ఆదేశించింది. స్థిర వడ్డీ రుణాలకు, అంటే చాలావరకు వ్యక్తిగత రుణాలకు, వాహన రుణాలకు ఈ రక్షణ లేదు కాబట్టి, వాటిని ముందుగా తీర్చేటప్పుడు రుసుమును కూడా లెక్కలో వేసుకోవాలి.

చేతిలో ఉంచవలసినది ఎంత?

ఆరు నెలల ఇంటి ఖర్చుకు, వాయిదాలకు సరిపడే డబ్బు వెంటనే తీసుకోగలిగే స్థితిలో ఉండాలన్నది నా అభిప్రాయం. బ్యాంకుకు కట్టిన ముందస్తు చెల్లింపు వెనక్కి రాదు. ఇంట్లో ఎవరికో జబ్బు చేసి, వ్యక్తిగత రుణం కోసం రూపాయి వడ్డీకి, అదీ దొరకక బయట రెండు మూడు రూపాయల వడ్డీకి వెళ్లాల్సి వస్తే, 67 పైసల అప్పును తీర్చి మిగుల్చుకున్నది నెలల్లో కరిగిపోతుంది. రెండు రేట్ల మధ్య తేడాను సిద్ధంగా ఉన్న డబ్బుకు మనం కట్టే అద్దె అనుకోవచ్చు. అవసరమైన మేరకే ఆ అద్దె కట్టాలి.

ఆ అద్దెను తగ్గించుకునే దారులు రెండున్నాయి. మొదటిది పొదుపు ఖాతాలో నిర్ణీత మొత్తం దాటిన డబ్బు తనంతట తానే డిపాజిట్‌గా మారి, అవసరమైనప్పుడు తిరిగి వచ్చే స్వీప్ ఏర్పాటు. 21 పైసలు వచ్చే చోట 40, 50 పైసలు వస్తాయి కాబట్టి జీతపు ఖాతా ఉన్న ప్రతివారూ దీన్ని అడిగి పెట్టించుకోవాలి.

రెండవది ఓవర్‌డ్రాఫ్ట్ పద్ధతిలోని గృహరుణం. ఇందులో మిగులు డబ్బును రుణఖాతాలోనే ఉంచితే ఆ మేరకు వడ్డీ పడదు, కావలసినప్పుడు మళ్లీ తీసుకోవచ్చు. వడ్డీ రేటు మామూలు రుణం కన్నా కొంచెం ఎక్కువగా ఉంటుంది. పావు శాతం ఎక్కువ అనుకుంటే మన 25 లక్షల ఉదాహరణలో, 30 శాతం పన్ను శ్లాబులో ఉన్నవారు సుమారు లక్షా 65 వేలకు పైగా ఎప్పుడూ అందులో ఉంచగలిగితేనే మామూలు రుణం, విడి డిపాజిట్ జంట కన్నా ఇది లాభిస్తుంది. అంత నిలకడగా డబ్బు ఉంచలేనివారికి, ఖాతాలో కనిపించే డబ్బును ఖర్చు చేయకుండా ఆగలేనివారికి ఇది తగదు.

డిపాజిట్‌ను మధ్యలో రద్దు చేయాలా, దానిపై అప్పు తీసుకోవాలా?

డిపాజిట్ మీద అప్పు సాధారణంగా డిపాజిట్ రేటు కన్నా ఒకటి నుంచి రెండు శాతం ఎక్కువకు దొరుకుతుంది. రద్దు చేస్తే, డబ్బు ఎంతకాలం ఉందో ఆ కాలానికి వర్తించే రేటులోంచి అర శాతమో, ఒక శాతమో జరిమానా తగ్గించి ఇస్తారు. ఏది మేలన్నది దాదాపు పూర్తిగా గడువు ఎంత మిగిలిందన్న దానిమీద ఆధారపడుతుంది.

ఏడు శాతం మీద ఏడాదికి వేసిన రెండు లక్షలకు తొమ్మిది నెలలు నిండాయనీ, మిగిలిన మూడు నెలలకు లక్షన్నర కావాలనీ అనుకుందాం. ఎనిమిది శాతానికి అప్పు తీసుకుంటే మూడు వేలు వడ్డీ పడుతుంది, డిపాజిట్‌పై 14,000 పూర్తిగా వస్తాయి, నికరంగా 11,000 మిగులుతాయి. రద్దు చేస్తే, తొమ్మిది నెలలకు జరిమానా పోను ఐదున్నర శాతం ఇచ్చారనుకున్నా 8,250 రూపాయలే వస్తాయి, మిగిలిన యాభై వేలపై మరో మూడు వందలు చేరతాయి. ఇక్కడ అప్పే మంచిది. అదే డిపాజిట్ వేసి రెండు నెలలే అయి, పది నెలల పాటు డబ్బు కావలసి వస్తే, అప్పు వడ్డీ పదివేలు పోను మిగిలేది నాలుగు వేలే. రద్దు చేసుకుని యాభై వేలను మళ్లీ డిపాజిట్ చేసినా రమారమి అంతే మిగులుతుంది. పన్ను కట్టేవారికైతే రద్దు చేసుకోవడమే మేలు, ఎందుకంటే 14,000 మీద మొత్తం పన్ను పడుతుంది గాని, సొంత ఖర్చు కోసం తీసుకున్న అప్పు వడ్డీని అందులోంచి తగ్గించుకోవడానికి వీల్లేదు.

తేడా తలకిందులయ్యే చోటు

ఇంతవరకు అప్పు రేటే పెద్దదని చెప్పుకున్నాం. పంట రుణాల్లో అది తిరగబడుతుంది. కిసాన్ క్రెడిట్ కార్డుపై మూడు లక్షల వరకు పంట రుణానికి వడ్డీ రాయితీతో ఏడు శాతం పడుతుంది, గడువులోగా కట్టిన రైతుకు మరో మూడు శాతం తగ్గి నాలుగు శాతమే మిగులుతుంది. అంటే 33 పైసల వడ్డీ. పంట అమ్మిన డబ్బు చేతికి రాగానే ఈ అప్పును గడువుకు నాలుగు నెలల ముందే తీర్చి, మరోవైపు ఎరువుల దుకాణంలో రెండు రూపాయల వడ్డీ బాకీని అలాగే ఉంచుకోవడం లెక్కకు విరుద్ధం. ముందు దుకాణం బాకీ తీర్చాలి, మిగిలినదాన్ని గడువు తేదీ వరకు డిపాజిట్‌లో ఉంచవచ్చు. అయితే గడువు ఒక్క రోజు దాటినా ఆ మూడు శాతం పోతుంది కాబట్టి, తేదీని గుర్తుంచుకోగలిగినవారే ఈ పని చేయాలి.

స్వయం సహాయక సంఘాల్లో మరో చిత్రం కనిపిస్తుంది. సంఘం పొదుపు సొమ్ము బ్యాంకు పొదుపు ఖాతాలో 21 పైసలకు పడి ఉంటుంది, అదే సంఘం అదే శాఖలో 58 పైసలకు, అంటే ఏడు శాతానికి, లింకేజీ రుణం తీసుకుంటుంది. పొదుపు సొమ్ము సభ్యులది, దాన్ని రూపాయి వడ్డీకి సభ్యులకే అంతర్గత అప్పులుగా ఇచ్చుకుంటే వడ్డీ కూడా సంఘంలోనే ఉంటుంది. బ్యాంకు రుణం అడిగే ముందు ఖాతాలో ఊరికే ఉన్నదెంతో సమావేశంలో చదివి వినిపించడం ప్రతి సంఘం చేయవలసిన పని.

అంకెలు ఒకే రకమైనవేనా?

రెండు రేట్లను పోల్చే ముందు అవి ఒకే పద్ధతిలో చెప్పినవో కాదో చూడాలి. లక్ష రూపాయలకు మూడేళ్లపాటు ఫ్లాట్ ఏడు శాతం అంటే, అసలు తగ్గుతున్నా వడ్డీ మొత్తం లక్ష మీదే పడుతుంది. తగ్గే నిల్వ పద్ధతిలో అది దాదాపు 12.8 శాతానికి సమానం. డిపాజిట్ ప్రకటనల్లో ఇందుకు వ్యతిరేకమైన పని జరుగుతుంది. మూడు నెలలకోసారి వడ్డీ కలిసే ఏడు శాతం డిపాజిట్ ఐదేళ్లలో 41.5 శాతం పెరుగుతుంది, దాన్ని ఐదుతో భాగించి 8.3 శాతం రాబడి అని పెద్ద అక్షరాల్లో వేస్తారు. 2024 అక్టోబరు 1 నుంచి వ్యక్తిగత రుణగ్రహీతలందరికీ రుసుములతో కలిపిన వార్షిక రేటును చూపే ముఖ్యాంశాల పత్రం ఇవ్వడం తప్పనిసరి. సంతకానికి ముందు ఆ ఒక్క అంకెను చూస్తే చాలు.

మరో సంగతి. డిపాజిట్ రేటు గడువు తీరేదాకా స్థిరంగా ఉంటుంది, అప్పు రేటు అలా ఉండదు. 2019 అక్టోబరు 1 నుంచి బ్యాంకుల కొత్త చలన వడ్డీ గృహరుణాలు రెపో (బ్యాంకులకు రిజర్వు బ్యాంకు అప్పిచ్చే రేటు) వంటి బాహ్య ప్రామాణికానికి ముడిపడ్డాయి. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి వరకు రెపో నాలుగు నుంచి ఆరున్నర శాతానికి ఎగబాకినప్పుడు, అంతకుముందు ఐదున్నర శాతానికి డిపాజిట్ వేసుకున్నవారి అప్పు మాత్రం రెండున్నర శాతం ఖరీదైపోయింది. 2025లో రెపో 6.5 నుంచి 5.25కు దిగినప్పుడు ఇందుకు ఎదురు జరిగింది. కాబట్టి ఈ పోలికను ఏడాదికోసారైనా కొత్తగా చేసుకోవాలి. బ్యాంకు తన నిధుల ఖర్చును బట్టి తానే నిర్ణయించే పాత ఎంసీఎల్ఆర్ లేదా బేస్ రేటు మీద ఇంకా ఉండిపోయినవారు ముందస్తు చెల్లింపు కన్నా ముందు కొత్త పద్ధతికి మార్పించుకోవడానికి దరఖాస్తు ఇవ్వాలి, కొద్దిపాటి రుసుముతో అప్పు మొత్తం మీద రేటు తగ్గవచ్చు.

ఎక్కువ వడ్డీ కోసం చిన్న బ్యాంకుకు మారాలనుకుంటే, డిపాజిట్ బీమా ఒక్కో బ్యాంకులో ఒక్కో డిపాజిటర్‌కు వడ్డీతో కలిపి ఐదు లక్షల వరకే అని గుర్తుంచుకుని ఆ లోపలే ఉంచాలి. పేరు చివర బ్యాంకు అని పెట్టుకున్న సహకార సొసైటీలకు, చిట్టీలకు ఈ బీమా వర్తించదు.

అప్పులో కొంత తీర్చినప్పుడు గడువు తగ్గించమని రాతపూర్వకంగా అడిగి, మారిన వాయిదాల పట్టికను తీసుకోవాలి. మొత్తం తీర్చినప్పుడు ఆస్తి పత్రాలను 30 రోజుల్లో తిరిగి ఇవ్వడం, తాకట్టు నమోదును రద్దు చేయించడం బ్యాంకు బాధ్యత. 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉన్న ఈ నిబంధన ప్రకారం, తన తప్పు వల్ల ఆలస్యమైతే బ్యాంకు రోజుకు 5,000 రూపాయల చొప్పున రుణగ్రహీతకు పరిహారం చెల్లించాలి.